కదలని చోటు

ఆ వానాకాలం మొదట్లో మా అమ్మ రాడార్‌కి కొలతలు తీసుకుంది.

జూన్ మూడో వారం. ఫిల్మ్‌నగర్‌లో ఒక పాత డబ్బింగ్ థియేటర్ మేడమీద మా యంత్రం పెట్టి నాలుగు రోజులైంది. రెండు మీటర్ల ఇనుప పట్టా, దాని మీద అటూ ఇటూ జరిగే పెట్టె, పెట్టెకి ముందువైపు వరసగా యాంటెన్నాలు. ఎదురుగా, పల్లానికి అవతల, మేముండే కొండ. బండరాళ్లు, వాటి సందుల్లో ఇళ్లు, ఇళ్ల వెనక మట్టి జారకుండా కట్టుకున్న గోడలు. వానలు మొదలయ్యాక ఆ కొండలో ఏ రాయి, ఏ గోడ జరుగుతోందో మిల్లీమీటర్లతో సహా ముందే చెప్పడం మా పని. అయితే మొదటి పెద్ద వానకే ఆరో యాంటెన్నా వైరులోకి నీళ్లు దిగాయి. తొడుగు తెప్పించడానికి మూడు వారాలు పడుతుందన్నారు. ఆ మాట ఇంట్లో అన్నానో లేదో, అమ్మ మెళ్లో టేపు వేసుకుని నాతో బయల్దేరింది.

మా అమ్మ తెరెసా ఇరవై రెండేళ్లుగా సినిమాలకి బట్టలు కుడుతోంది. హీరోలవి కాదు, వాళ్ల వెనకాల డాన్సు చేసే నలభై మందివి. ఎవరి ఒళ్లు చూసినా కొలతలు నోటికి చెప్పేస్తుంది. రాడార్ చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"చేతులు పైకెత్తమను," అంది.

"దానికి చేతుల్లేవమ్మా."

"మరి ఇవన్నీ ఏంటి?"

"చెవులు. మొత్తం ఎనిమిది. ఇదిగో, ఈ ఒక్కటీ నోరు. ఇది అరుస్తుంది. ఆ అరుపు కొండకి తగిలి తిరిగొస్తే ఎనిమిదీ వింటాయి. ఒక్కోటి ఒక్కో చోట ఉంది కాబట్టి ఒక్కోటి కాస్త తేడాగా వింటుంది. పెట్టె పట్టా మీద జరుగుతూ ఉంటే విన్నవన్నీ ఒకచోట కలుపుతాం. అప్పుడు ఈ మేడంత పెద్ద యాంటెన్నాతో చూసినంత స్పష్టంగా బొమ్మ వస్తుంది. చీకటైనా సరే, వానైనా సరే."

"మాట్లాడేది ఒకటీ, వినేవి ఎనిమిదీనా," అంది అమ్మ, టేపు చుట్టుకుంటూ. "మన కొంపలో అందరూ మాట్లాడేవాళ్లే. గుడ్డ కప్పితే వినపడుద్దా దీనికి?"

"గుడ్డ అడ్డం కాదు. తడిసిన గుడ్డయితే అడ్డమే."

"అయితే నీళ్లు నిలవకుండా వాలు పెట్టి కుడతాను."

రెండు రోజుల్లో కుట్టేసింది. షూటింగులో గుడారాలకి వాడే మందపాటి బట్ట, అంచుకి ఎర్ర పట్టీ, వెనక నాలుగు కాజాలు. మా కంపెనీ పెట్టిన తిరుమలేశ్ సర్ దాన్ని చూసి చాలాసేపు నవ్వారు. ఆయనది సిద్దిపేట వైపు. జూబ్లీహిల్స్‌లో ఒక బట్టల షాపు పైన రెండు గదులు తీసుకుని, ఆరుగురం పనిచేసే కంపెనీని నడిపిస్తున్నారు.

"అమ్మా, మిషన్‌కి షేర్వానీ కుట్టినట్టున్నవ్ గదా," అన్నారు.

"మీక్కూడా కుడతాను బాబూ, పెళ్లి కుదిరితే చెప్పండి," అంది అమ్మ. 

ఆ తర్వాత ఒక్క చుక్క నీరు దిగలేదు.

*

ఇంకొక పని మిగిలింది. ఈ యంత్రం నిన్నటికీ ఇవాళ్టికీ ఉన్న తేడానే చెబుతుంది. ఆ తేడా చెప్పాలంటే కొండ మీద ఏదో ఒక చోటు చూపించి, ఇది కదలదు అని ముందు మనం దానికి చెప్పాలి. అది సున్నా. మిగతా కొండంతా దాన్ని బట్టే. దాన్ని రిఫరెన్స్ అంటాం. బండరాళ్లని నమ్ముదామంటే, అవి కదులుతాయేమోననే కదా చూస్తున్నది. ఏదైనా అపార్ట్‌మెంటు గోడకి బిగిద్దామంటే యజమానులు ఒప్పుకోలేదు. రాడార్ అంటే వాళ్లకి క్యాన్సర్ భయం.

ఆ పూట అన్నాల దగ్గర నాన్నని అడిగాను. "మన వెనక గోడ ఎప్పుడైనా కదిలిందా నాన్నా?"

నాన్న పేరు సెబాస్టియన్. సినిమా సెట్లకి కార్పెంటరు. ఆయన రాజమహళ్లు కట్టారు, జైళ్లు కట్టారు, కోర్టులు కట్టారు. షూటింగ్ అయిపోగానే అన్నీ పీకేశారు. ఆయన చేతి పనుల్లో ఊళ్లో నిలబడి ఉన్నవి రెండే, మా ఇల్లూ, దాని వెనక కొండని ఆపుతూ కట్టిన ఆ రాతి గోడా. మేస్త్రీని పెట్టుకున్నా రాళ్లు మాత్రం ఒక్కోటీ తనే మోసి, తనే సరిచూసి పెట్టించారట.

"పంతొమ్మిదేళ్లయిందమ్మా," అన్నారు. "వెంట్రుకవాసి కదల్లేదు."

"రాసిస్తావా?"

"సంతకం కూడా పెడతా."

రాడార్‌కి ఆ గోడ గట్టిగా కనబడటానికి ఒక రేకు పెట్టాలి. మూడు పలకలు ఒక మూలలో కలిసి తొట్టిలా ఉండే రేకు. నాన్నే చేశారు. మూలమట్టం పెట్టి మూడు వైపులా చూసి, ఒకవైపు కాగితం మందం తేడా ఉందని విప్పి మళ్లీ బిగించారు. ఆదివారం నిచ్చెన వేసుకుని గోడపైన దాన్ని బోల్టులతో బిగిస్తుంటే పక్కింటి మంజులత ఆంటీ డాబా మీదికి వచ్చింది. నన్ను చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన మనిషి.

"ఏంది సెబాస్టియనన్నా, కొత్త డిష్ వెడుతున్నవా?"

"మా దీనా రాడార్‌కి అద్దం," అన్నారు నాన్న గర్వంగా.

"గా మిషన్‌ల మనం కనబడతమా ఏంది బిడ్డా? బట్టలు మార్చుకునేటప్పుడు గిట్ల?"

"లేదాంటీ. దానికి గోడలూ రాళ్లే కనబడతాయి. మనుషులు కనబడరు."

"మనుషులు కనబడంది ఏం మిషనే గది," అంటూ ఆంటీ ఉతికిన బట్టలు దండెం మీద ఆరేసుకుంది.

మర్నాడు ఆఫీసులో రిఫరెన్స్ వివరాలు ఎక్కించాను. పేరు రాయమని ఉన్నచోట 'ఇల్లు' అని రాశాను.

*

జూలై రెండో తారీకు నుంచి వాన వదల్లేదు. తెర మీద కదలని చోట్లు ఆకుపచ్చగా కనబడతాయి. మనవైపు జరిగేవి ఎరుపు, మననుంచి దూరం జరిగేవి నీలం. మూడు మిల్లీమీటర్లు దాటి ఏది ఎర్రబడినా మా అందరి ఫోన్లూ మోగుతాయి. ఆ రెండు వారాల్లో ఏదీ ఎర్రబడలేదు. కాకపోతే కొండ మొత్తం కొద్దికొద్దిగా నీలం తిరగడం మొదలుపెట్టింది. మా ఇంటి దగ్గర నాలుగు చుక్కలు తప్ప.

సోమవారం నగరపాలక అధికారులు యంత్రాన్ని చూడటానికి వస్తున్నారు. వాళ్లకి నచ్చితే నగరంలోని కొండ బస్తీలన్నిటికీ ఇలాంటివే పెడతారు. గురువారం సాయంత్రం తిరుమలేశ్ సర్ నా కుర్చీ వెనక నిలబడి చూశారు.

"కొండ ఎనక్కి పోతదా దీనా? ఎన్నడన్న ఇన్నవా?"

"అదే అర్థం కావట్లేదు సర్."

"గాలిల తేమ. వానకాలం గదా."

"తేమయితే దూరంగా ఉన్నవాటికి తేడా ఎక్కువ రావాలి. దగ్గరున్న మెట్లూ, అవతలున్న అపార్ట్‌మెంటూ ఒకే లెక్కన పోతున్నాయి. అన్నీ ఐదున్నర మిల్లీమీటర్లు."

"ఆరో ఛానెల్ తీసేసి చూసినవా? నీళ్లు వోయింది గదే."

"చూశాను. ఒక్కోటీ తీసేసి చూశాను. ఎనిమిదీ అదే చెబుతున్నాయి."

ఆయన తెర మీదికి వంగి చూశారు. "అన్నిట్ల ఒక్కతీరుగ ఉందంటే సిస్టమ్‌లనే ఏదో ఆఫ్‌సెట్ ఉన్నట్టే. సోమవారం అయినంక కూసొని చూద్దాం. ఇప్పటికైతే అందరికీ కామన్‌గ ఉన్నది తీసెయ్. నీలం కొండ చూపెడితే మనల్ని నమ్మరు."

ఆయన నన్ను బలవంతపెట్టలేదు. నాకూ సబబే అనిపించింది. ఎనిమిది చెవులూ ఒకే మాట చెబుతున్నా, కొండ వెనక్కి పోవడమన్నది జరగని పని కాబట్టి చెవులదే తప్పనుకున్నాను. కొండంతటి నుంచీ ఐదున్నర తీసేశాను. ఒక్క వరస రాస్తే అయిపోయింది. కొండ ఆకుపచ్చగా మారింది.

అప్పుడు మా ఇంటి దగ్గరి నాలుగు చుక్కలు ఎర్రబడ్డాయి. నా ఫోను మోగింది, సర్ ఫోను మోగింది, లోపలి గదిలో ఇంకెవరిదో మోగింది.

"రిఫరెన్స్ పక్కన ఎరుపేంది?" అన్నారు సర్.

"మా వెనక గది మీద రేకులు సర్. వానకి రేకులు అదురుతాయి. గోడ కదిలేది కాదు."

ఆ నాలుగు చుక్కల్నీ ఎంచుకుని, నమ్మదగనివి అని గుర్తు పెట్టి చెరిపేశాను. చెరిపేసిన చోట ఇక అలారం మోగదు. నోటుబుక్కులో మాత్రం రాసుకున్నాను, దగ్గరకీ దూరానికీ తేడా ఒకటే ఎందుకు, సోమవారం చూడాలి, అని. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

*

శనివారం పొద్దున అమ్మ టిఫిన్ డబ్బా కడుతూ, "రేపు చర్చిలో పూజకైనా వస్తావా, రేపు కూడా ఆ కొండనే చూస్తూ కూర్చుంటావా?" అంది.

"సోమవారం అయ్యాక నువ్వు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తానమ్మా."

"మోతీనగర్‌లో మీ పిన్నివాళ్లింటికి వస్తావా?"

"వస్తాను."

"పాయసం చేయిస్తాను వాళ్లచేత," అంది. ఒక పాటకి నలభై జతల లంగాలు కుట్టాల్సి ఉండటంతో, నేను చెప్పులేసుకునేలోపే వెనక గదిలో మిషను చప్పుడు మొదలైంది. నాన్న అప్పటికే ఊరి బయట సెట్టు పనికి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం ఆఫీసులో సోమవారానికి స్లైడ్లు తయారుచేస్తున్నాను. రెండూ యాభై రెండుకి పక్క తెర మీద పసుప్పచ్చ గీతలో ఒక మాట వచ్చింది. రిఫరెన్స్ సిగ్నల్ లేదు.

వైరు ఊడిందనుకుని విసుక్కున్నాను. డబ్బింగ్ థియేటర్ వాచ్‌మన్ ఓదెలుకి ఫోన్ చేశాను. "ఓదెలన్నా, మేడ మీదికెళ్లి మన యంత్రం వైరు సరిగ్గా ఉందా చూస్తావా? గాలికి తొడుగు గానీ జారిందేమో."

ఆయన గొడుగేసుకుని ఎక్కుతున్న అడుగుల చప్పుడు వినబడింది. వాన చప్పుడు వినబడింది.

"వైరు మంచిగనే ఉన్నది మేడం. మీద గుడ్డ గూడ మంచిగనే ఉన్నది."

"ఇంకొకసారి చూడన్నా. వెనక నల్ల వైరు."

"చూసిన మేడం." తర్వాత గొంతు మార్చి అడిగాడు. "మేడం, మీ ఇల్లు గా నీలం ట్యాంకీ పక్కన గదా?"

"అవును."

"గాడ దుమ్ము లేస్తున్నది మేడం. గింత వానల దుమ్మేంది?"

*

నేను వెళ్లేసరికి మంజులత ఆంటీ చేతులతో మట్టి తోడుతోంది. గాజులు పగిలి మణికట్టు నుంచి రక్తం కారుతోంది. బస్తీ మగవాళ్లు తలుపుచెక్కల మీద రాళ్లు దొర్లించుకుపోతున్నారు. మా ముందు గది అలాగే ఉంది. గోడకున్న మేరీమాత పటం వంకర కూడా పోలేదు. వెనక గది లేదు.

ఐదు గంటలకి అమ్మని బయటికి తీశారు. మిషను ముందు కూర్చున్నట్టే ఉంది. ఒళ్లో పసుపు శాటిన్ బట్ట.

నాన్న ఆరుకి వచ్చారు. చొక్కా మీద రంపంపొట్టు అలాగే ఉంది. ఎవరూ చెప్పకుండానే అందరూ ఆయనకి దారి వదిలారు. అమ్మ పక్కన కూర్చుని ముందు ఆమె కనురెప్పల మీద మట్టి తుడిచారు. తర్వాత ఒళ్లో ఉన్న బట్ట తీసి, మడత పెట్టి, ఎవరికివ్వాలో తెలియక చుట్టూ చూశారు. నేను అందుకున్నాను.

మూడో రోజుకల్లా మేము రహమత్ నగర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉన్నాం. నాన్న వచ్చినవాళ్లందరికీ ఒకే మాట చెప్పేవారు. "గోడలో నీళ్లు పోయే తూములు నేనే మూశాను. పాములొస్తున్నాయంటే సిమెంటు పెట్టి మూశాను. వాన నీళ్లకి దారి లేక తోసేసింది." పెద్దలకి చెప్పారు, ఫాదర్‌గారికి చెప్పారు, కూరగాయలమ్మే ఆమెకి చెప్పారు. చెప్పిన ప్రతిసారీ నేను పక్కనే ఉన్నాను.

నాలుగో రోజు ఆఫీసుకి వెళ్లాను. ఎవరూ రమ్మనలేదు. గోడకి బదులు ఒక గట్టి బండని, మా కొండకి అసలు సంబంధం లేనిదాన్ని, రిఫరెన్స్‌గా పెట్టాను. చెరిపేసిన నాలుగు చుక్కల్నీ వెనక్కి తెచ్చాను. పంతొమ్మిది రోజుల బొమ్మల్ని వరసగా నడిపించాను.

కొండ ఎక్కడికీ పోలేదు. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఆకుపచ్చగా, ఉన్నచోటే ఉంది. నాకు కదిలినట్టు కనబడింది మా గోడ ఒక్కటే. అది ముందుకి, మావైపు వస్తుంటే, అదే సున్నా అని నేను చెప్పాను కాబట్టి, మిగతా కొండంతా వెనక్కి పోతున్నట్టు చెప్పింది యంత్రం. పదిహేడు రోజుల్లో ఐదున్నర మిల్లీమీటర్లు. నేను చెరిపేశాక ఉన్న రెండు రోజుల్లోనే ఇంకో తొమ్మిది.

తిరుమలేశ్ సర్‌ని పిలిచి చూపించాను. ఆయన నిలబడే చివరిదాకా చూశారు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"తీసెయ్ అన్నది నేను," అన్నారు.

"చుక్కలు చెరిపింది నేను సర్."

ఆయన నా మాట విన్నట్టు లేదు. వేలితో తెర మీద ఇంకోచోట చూపించారు. మా ఇంటి పక్క నుంచి ఏడిళ్ల పొడవునా సన్నగా, లేత ఎరుపు. రెండు మిల్లీమీటర్లు. మొదటి ఇల్లు మంజులత ఆంటీది.

*

ఆ ఏడిళ్లవాళ్లనీ ఖాళీ చేయించడానికి అధికారులు ఒకసారి చెప్పి వెళ్లారు. ఎవరూ కదల్లేదు. మర్నాడు సాయంత్రం నేను వెళ్లాను. ఎటు చూసినా తడి బట్టలు, వాకిట్లో పొయ్యిలు. బొమ్మ ప్రింటు తీసుకెళ్లి అందరికీ చూపించాను.

"రెండు మిల్లీమీటర్లకి ఇల్లిడిసి పోవాల్నా?" అన్నాడు ఆంటీ భర్త రాములన్న. ఆయన ప్రొడక్షన్ వ్యాన్ నడుపుతాడు. "ఏడికి పోవాలె? పిల్లల ఇస్కూలు గీడ, నా పని గీడ."

"కొన్ని వారాలే రాములన్నా."

"గా మిషన్ గంత మంచిగ చూస్తే మీ అమ్మను ఎందుకు చూడలే బిడ్డా?"

ఆంటీ ఆయన్ని మోచేత్తో పొడిచింది. నా దగ్గర జవాబు ఉంది. అది చెబితే, యంత్రం చూసింది, నేను చూడలేదు అని చెబితే, వాళ్లు బహుశా అప్పుడే సామాను సర్దేవారు. చేతిలో ప్రింటు మడత పెట్టుకున్నాను.

అప్పుడు నాన్న గొంతు వినబడింది. నా వెనకే ఎప్పుడు వచ్చారో తెలియదు. ఆ రోజు తర్వాత ఆయన ఆ సందులో అడుగుపెట్టడం అదే మొదటిసారి.

"మిషన్ సంగతి నాకు తెలియదు రాములూ," అన్నారు. "గోడ సంగతి తెలుసు. ఆ గోడ కదలదని నేను సంతకం పెడతానన్నాను. తూములు మూసింది నేను. మీ గోడలు కూడా నా గోడ చూసి కట్టుకున్నవే. వాటి తూములు కూడా మీరు మూసే ఉంటారు. చెప్పు, మూశారా లేదా?"

రాములన్న తల వంచుకున్నాడు.

"మంజులని తీసుకుని వెళ్లిపో. నా మాట విను."

ఆ సాయంత్రమే ఏడు కుటుంబాలూ దిగిపోయాయి. కొంతమంది బోరబండలో చుట్టాలింటికి, కొంతమంది కమ్యూనిటీ హాలుకి. మంజులత ఆంటీ కుక్కరు, గ్యాస్ పొయ్యి, మా ఇంట్లో మిగిలిన మేరీమాత పటం సంచిలో పెట్టుకుని దిగింది. పటం నా చేతిలో పెట్టి, "మీ నాయిన మొఖం చూస్తలేవు నువ్వు. చూడు," అంది.

ఆ గోడలు పడలేదు. ఆగస్టులో ఎనిమిది మిల్లీమీటర్ల దాకా వచ్చి, తూములు తెరిచాక ఆగిపోయాయి. సెప్టెంబరు చివర్లో అందరూ ఇళ్లకి తిరిగొచ్చారు. రెండు నెలలు అనవసరంగా తిప్పారని కొందరు తిట్టుకున్నారు. నగరపాలక సంస్థ మా యంత్రాన్ని తీసుకుంది. తిరుమలేశ్ సర్ రాసిన నివేదికలో గోడ మీద రిఫరెన్స్ పెట్టడం కంపెనీ పొరపాటు అని ఉంది. దాన్ని కొట్టేసి నా పేరు రాసి ఇచ్చాను. ఆయన మళ్లీ కొట్టేసి తన పేరు రాశారు. చివరికి రెండూ ఉన్నాయి.

కానీ ఆ నివేదిక నాన్న చదవరు.

*

అక్టోబరు వచ్చేసరికి వానలు తగ్గుముఖం పట్టాయి. నాన్న పనికి పోవడం మానేశారు. సెట్టు మేనేజరు రెండుసార్లు మనిషిని పంపితే ఆరోగ్యం బాగోలేదని చెప్పించారు. ఒక ఆదివారం మధ్యాహ్నం పనిముట్ల పెట్టె తెరిచి ఉలులూ, బాడిసెలూ, మూలమట్టం అన్నీ నేల మీద పరిచారు.

"ఇవి ఎవరికైనా ఇచ్చేద్దాం," అన్నారు. "నా చేత్తో కట్టిందే మీ అమ్మని తీసుకుపోయింది. ఇంక నేనేదీ కట్టను."

ఆ చుక్కల సంగతి నేను అప్పటికి మూడు నెలలుగా దాచుకున్నాను. అన్నం కలిపేటప్పుడు, బస్సులో, పూజలో మోకాళ్ల మీద ఉన్నప్పుడు ఆ మాటలు నాలిక చివరి దాకా వచ్చి వెనక్కి పోయేవి. ఆ పూట ఎందుకు ఆగలేకపోయానో తెలియదు. ఆయన రంపం మీద తుప్పు గీకి చూసుకుంటున్నారు. అంతే.

"నాన్నా, నీకొకటి చూపించాలి," అన్నాను.

ల్యాప్‌టాప్ తెచ్చి ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను. ఏది మన ఇల్లో, ఏది గోడో చెప్పాను. ఎరుపంటే ఏమిటో చెప్పాను. గురువారం సాయంత్రం ఈ నాలుగు చుక్కలూ ఎర్రబడితే ఫోన్లు మోగాయనీ, రేకుల చప్పుడని నేనే చెరిపేశాననీ చెప్పాను. యంత్రం రెండు రోజుల ముందే చెప్పిందని చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆయన చేతులకేసే చూశాను, మొహం చూడలేకపోయాను.

కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బాగుండుననుకున్నాను.

"నడిపించు," అన్నారు.

రెండో తారీకు నుంచి ఒక్కో రోజూ నడిపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని తెరకి దగ్గరగా జరిగారు. చుక్క లేతగా మొదలై ముదురుతోంది.

"ఇది ఏ రోజు?"

"పధ్నాలుగు."

"ఇది?"

"పదిహేడు. బుధవారం."

"ఆపు," అన్నారు.

ఆపాను. ఆయన ఆ చుక్క మీద వేలు పెట్టారు. సందులో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు, అది ఎంతకీ అందుకోవడం లేదు.

"బుధవారం పొద్దున మీ అమ్మ చెప్పింది," అన్నారు. "'ఏవండీ, వెనక గది తలుపు పట్టేస్తోంది, మూసుకోవట్లేదు, కాస్త చూడండి' అని. వానకి చెక్క ఉబ్బిందిలే అన్నాను. పైఅంచు కాస్త చిత్రిక పట్టాను. సరిపోయింది."

నేను తలెత్తి ఆయన మొహం చూశాను.

"శుక్రవారం మళ్లీ పట్టేసింది. నలభై ఏళ్ల నుంచి చెక్క పని చేస్తున్నాను దీనమ్మా. ఉబ్బిన చెక్క ఒకసారి చిత్రిక పడితే మళ్లీ రెండు రోజులకే పట్టెయ్యదు. అది తెలియని వాణ్ణి కాదు. ద్వారబంధమే ఒరిగిందేమోనని చూడలేదు. పనికి టైమవుతోందని శనివారం తెల్లారే లేచి మళ్లీ చిత్రిక పట్టాను. ఈసారి ఎంత బాగా పడిందంటే, వేలితో తోస్తే మూసుకుంది. మీ అమ్మని పిలిచి చూపించాను."

కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకోలేదు.

"అమ్మ ఏమంది నాన్నా?"

"రెండుసార్లు తీసి, వేసి చూసుకుంది. 'ఇప్పుడు చక్కగా ఉంది, ఇక తలుపేసుకుని కూర్చుని కుట్టుకుంటాను' అంది."